మొక్కలు మట్టిని కడుగుతాయట! మరి రైతు సంగతి?

ఈ నాలుగు ముక్కలు రాయడానికి కారణం మా నాన్న అడిగిన మూడు ప్రశ్నలు. ఆయన అయిదో తరగతితో చదువు ఆపి నాగలి పట్టినవాడు. నేను బి.ఎస్సీ. ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. అయినా ఆ మూడింటిలో ఒక్కదానికీ ఆ రోజు నా దగ్గర జవాబు లేకపోయింది. తరువాత లైబ్రరీలో కూర్చుని, మాస్టార్లను విసిగించి కొంత తెలుసుకున్నాను. తెలుసుకున్నకొద్దీ మా ఇద్దరిలో సైన్సు విద్యార్థిలా ఆలోచించినది ఆయనేనని అనిపించింది.

సంగతి మొదటినుంచీ చెబుతాను. మాది తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో ఒక పల్లెటూరు. రెండెకరాల మాగాణి, డ్రెయిన్ గట్టు పక్కన ముప్పయి సెంట్ల కూరగాయల దొడ్డి, ఇదీ మా ఆస్తి. కొన్నేళ్ల క్రితం ఎక్కడివాళ్లో వచ్చి ఆ దొడ్డి పక్కన రేకుల షెడ్డు వేశారు. పాత లారీ బ్యాటరీలు పగలగొట్టి, అందులోని సీసాన్ని కరిగించి దిమ్మలు పోసేవాళ్లు. రాత్రిళ్లు పొగ వచ్చేది. బ్యాటరీల్లోని యాసిడ్‌ని బోదెలోకి వంచేసేవాళ్లు. ఒక వానాకాలం మా పెయ్యదూడ మేత మానేసింది. పళ్లు కొరుకుతూ, కళ్లు కనపడక గోడకి తల ఆనించి నిలబడేది. నాలుగో రోజుకి పోయింది. “ఇది సీసం విషంలాగా ఉందయ్యా” అన్నారు పశువుల డాక్టరుగారు. ఊరి పెద్దలు గట్టిగా నిలదీస్తే షెడ్డు ఎత్తేశారు. మనుషులు పోయారు. వాళ్లు పారబోసిన నల్లటి చిట్టెం మాత్రం అక్కడే ఉంది. అప్పటినుంచీ మా అమ్మ ఆ దొడ్లో గోంగూర, తోటకూర వేయడం మానేసింది. ఆవిడకి ఎవరూ పాఠం చెప్పలేదు. పోయిన దూడే చెప్పింది.

ఇలా ఉండగా మా బాటనీ క్లాసులో ఫైటోరెమిడియేషన్ అనే పాఠం వచ్చింది. అంటే మొక్కలతో నేలను శుద్ధి చేయడం. సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, నికెల్ లాంటి భార లోహాలు కలిసిన మట్టిలో కొన్ని మొక్కల్ని పెంచితే అవి వేళ్ల ద్వారా లోహాన్ని పీల్చి కాండంలోకి, ఆకుల్లోకి చేర్చుకుంటాయట. నాకు ఎక్కడలేని సంతోషం వేసింది. శనివారం ప్యాసింజరు బండెక్కి ఇంటికిపోయి, కాళ్లయినా కడుక్కోకుండా, “నాన్నా, మన దొడ్లో ఆవాలు చల్లుదాం. సీసాన్నంతా మొక్కే లాగేస్తుంది” అన్నాను.

ఆయన బీడీ ఆర్పి తాపీగా అడిగాడు. “ఎన్నాళ్లు పడుతుందిరా? పీల్చిన మొక్కని తరవాత ఎక్కడ వెయ్యాలి? ఆ ఏళ్లన్నీ ఆ నేల మీద మనం ఏం తినాలి?”

పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. ఈ శాస్త్రం వట్టి మాట అని నేననడం లేదు. న్యూకలెడోనియా దీవిలో ఒక చెట్టు ఉంది. దాని బెరడు కోస్తే నీలి ఆకుపచ్చ రంగులో పాలు కారతాయి. ఆ పాలని ఎండబెడితే పాతిక శాతం దాకా నికెల్ ఉంటుందని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లీనా మా అనే శాస్త్రవేత్త బృందం చైనీస్ బ్రేక్ అనే ఒక ఫెర్న్ మొక్క ఆర్సెనిక్‌ని విపరీతంగా పోగుచేసుకుంటుందని 2001లో ‘నేచర్’ పత్రికలో రాసింది. ఆర్సెనిక్ దట్టంగా కలిపిన మట్టిలో ఆరు వారాలు పెంచితే కిలో ఎండు ఆకులో 22 గ్రాములకు పైగా ఆర్సెనిక్ తేలింది. పాడైన నేలల మీద ఇలాంటి మొక్కల్ని పంటలాగా వేసి, కోసి, లోహాన్ని బయటికి తీయవచ్చని అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త రూఫస్ చానీ 1983లోనే సూచించాడు.

అసలు మొక్క నేలను బాగుచేస్తుందన్న మాట మన డెల్టా రైతుకు కొత్త కాదు. చౌడు నేలలో జీలుగ చల్లి పూతకు ముందు కలియదున్నడం మా తాతల నాటి పద్ధతి. అయితే తేడా అంతా ఇక్కడే ఉంది. జీలుగని నేలలోనే కలిపేస్తాం. లోహం పీల్చిన మొక్కని ఆకు కూడా రాలనీయకుండా కోసి, నేలమీదనుంచి బయటికి మోసుకుపోవాలి. మన రైతు చేతికి అలవాటైన పనికి ఇది సరిగ్గా ఎదురు పని. ఆ సంగతి చెప్పకుండా “మొక్కలు వెయ్యండి, నేల బాగవుతుంది” అంటే పచ్చిరొట్ట ఎరువని దాన్నీ కలియదున్నుతారు. విషం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇక నాన్న మొదటి ప్రశ్న: ఎన్నాళ్లు? దీనికి లెక్క వేయాలి. ఒక ఎకరం నేలని ఆరంగుళాల లోతున తీస్తే సుమారు 9 లక్షల కిలోల మట్టి ఉంటుంది. కిలో మట్టిలో 500 మిల్లీగ్రాముల సీసం ఉందనుకుందాం. ఎకరంలో మొత్తం 450 కిలోల సీసం ఉన్నట్టు. దాన్ని కిలోకి 100 మిల్లీగ్రాములకు దించాలంటే 360 కిలోల సీసం బయటికి పోవాలి. ఆవ పంట ఎండబెట్టాక ఎకరానికి 3 వేల కిలోలు తూగిందనీ, కిలో ఎండు మొక్కలో 200 మిల్లీగ్రాముల సీసం చేరిందనీ అనుకుంటే పంటకు 600 గ్రాములు వస్తుంది. ఏడాదికి రెండు పంటలు తీసినా కిలో రెండొందల గ్రాములు. 360ని 1.2తో భాగించండి. మూడొందల ఏళ్లు! కృష్ణమ్మకి ఆనకట్ట కట్టింది 1855లో. అది కట్టి ఇంకా రెండొందల ఏళ్లయినా నిండలేదు.

సీసం ఇంత మొండికెయ్యడానికి కారణం ఉంది. అది మట్టి రేణువుల్నీ, ఫాస్ఫేటునీ గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. నీటిలో కరగదు. కరగనిది వేరుకు అందదు. 1990 దశకంలో కొందరు శాస్త్రజ్ఞులు ఇడిటిఎ అనే రసాయనాన్ని మట్టిలో పోసి సీసాన్ని కరిగించి మొక్కకు అందించారు. మొక్కలోకి బాగానే ఎక్కింది. కాని కరిగిన సీసంలో మొక్క తాగగా మిగిలినది వానకి కిందికి దిగి భూగర్భ జలంలో కలిసే ప్రమాదం బయటపడింది. దాంతో ఆ ఉత్సాహం చల్లారింది. నాలుగు బారలు తవ్వకుండానే నీరు పడే మన డెల్టాలో అలాంటి పని చేస్తే బావి, బోరు రెండూ పోతాయి.

కాడ్మియం కథ వేరు. అది మట్టిలో ఉండేదే తక్కువ. కిలోకి ఒక మిల్లీగ్రాము ఉన్నా ఎకరం మొత్తంమీద కిలో దాటదు. పైగా మొక్క దాన్ని తేలిగ్గా పీలుస్తుంది. ఆ తేలికే ప్రమాదమూ, అదే అవకాశమూ. జపానులో జింజూ నది కింద వరి పండించుకున్న రైతులకు గనుల నుంచి వచ్చిన కాడ్మియంవల్ల ఎముకలు పెళుసెక్కి విరిగిపోయే జబ్బు వచ్చింది. నొప్పికి ‘ఇతాయ్ ఇతాయ్’ అని ఏడ్చేవాళ్లు కాబట్టి జబ్బుకి అదే పేరు నిలిచింది. అది కాడ్మియంవల్ల వచ్చినదేనని జపాన్ ప్రభుత్వం 1968లో ఒప్పుకుంది. అక్కడి పొలాల మీద మంచి మట్టి కప్పే పని 2012 దాకా సాగింది. ఆ దేశంలోనే మరికొందరు శాస్త్రవేత్తలు ఇంకో దారి తొక్కారు. చోకోకోకు అనే వరి రకం కాడ్మియాన్ని ఎక్కువగా పీలుస్తుంది. దాన్ని నీరు తీసేసిన పొలంలో రెండేళ్లు పండించి, కోసి తీసేస్తే మట్టిలోని కాడ్మియం 38 శాతం తగ్గింది. తరువాత వేసిన తిండి వరి గింజలో 47 శాతం తగ్గింది. ఈ ఫలితం 2009లో అచ్చయింది.

నీరు తీసేయడం ఎందుకంటే, వరి చేలో నీరు నిలిచి ఉన్నంత కాలం కాడ్మియం గంధకంతో కలిసి ముడిపడి ఉంటుంది. చేను ఆరగానే ఆ ముడి వీడి వేరుకు దొరుకుతుంది. ఆర్సెనిక్ దీనికి తిరగబడి ఉంటుంది, నీరు నిలిస్తేనే కరుగుతుంది. కాబట్టి నీటి కట్టు మార్చాలన్నా ముందు ఆ చేలో ఏ లోహం ఉందో తెలియాలి. ఒకదానికి మందు రెండోదానికి విషం.

అందుచేత మొదటి ప్రశ్నకు జవాబు ఇది. లోహాన్నిబట్టి ఉంటుంది. కాడ్మియం, నికెల్, ఆర్సెనిక్ విషయంలో కొన్ని నేలల్లో కొన్నేళ్లకు ఫలితం చూడవచ్చు. సీసం విషయంలో మొక్క చేత ‘లాగించడం’ అనే ఆశ వదులుకోవడమే నిజాయితీ. సీసం ఉన్నచోట మొక్క చేయగలిగిన పని ఇంకొకటి ఉంది. అది కాపలా పని. వట్టివేరు లాంటి గడ్డి దట్టంగా వేస్తే దాని వేళ్లు నిలువుగా లోతుకి దిగి మట్టిని పట్టుకుంటాయి. దుమ్ము లేవదు, వానకి మట్టి బోదెలోకి జారదు. లోహం చాలామటుకు వేళ్లలోనే నిలిచిపోతుంది. సీసం మన ఒంట్లోకి ఎక్కువగా చేరేది దుమ్ము ద్వారా, ఆకుకూరలకి అంటిన మట్టి ద్వారా. కాబట్టి ఈ కాపలా చిన్న పనేమీ కాదు. నిజాంపట్నం దగ్గర మడ చెట్లు చేసేది కూడా ఇదే. మన డ్రెయిన్లు మోసుకొచ్చిన ఒండ్రును అవి వేళ్లతో పట్టి నిలుపుతాయి, ఒండ్రుతోపాటు లోహాన్నీ నిలుపుతాయి. ఆ చెట్లు నరికితే ఆ కాపలా కూడా పోతుంది.

రెండో ప్రశ్న: కోసిన మొక్కని ఎక్కడ వెయ్యాలి? పాఠ్యపుస్తకంలో ఇది ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఊళ్లో మాత్రం ఇదే పెద్ద చిక్కు. లోహానికి చావు లేదు. కుళ్లినా కాలినా అది అదే. మొక్క దాన్ని చోటు మారుస్తుందేగాని మాయం చేయదు. పొయ్యిలో పెడితే పొగలోకి, బూడిదలోకి పోతుంది. బూడిద మళ్లీ పెంటకుప్పలోకి, అక్కడినుంచి చేలోకి. గొడ్డుకి వేస్తే గొడ్డు ఒంట్లోకి. తెనాలి కాలువల్లో గుర్రపుడెక్కని చూడండి. నీళ్లలోని లోహాల్ని పీల్చడంలో దాని వేళ్లు గట్టివని ఎన్నో పరిశోధనలు చెప్పాయి. కాని మనం ఏం చేస్తాం? కాలువలోంచి లాగి గట్టున కుప్పపోస్తాం. అది అక్కడే ఎండి, కుళ్లి, వానకి మళ్లీ కాలువలోకే జారుతుంది. నీళ్లలో లోహం ఉన్నచోట ఇలా చేస్తే పీల్చిన పని వృథా. హైదరాబాదులో మూసీ పక్కన మురుగునీటితో పారాగడ్డి పెంచి పాడిగేదెలకి మేపడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. నీళ్లలో ఉన్నది గడ్డిలోకి, గడ్డిలో ఉన్నది గేదెలోకి పోదని ఎవరు హామీ ఇస్తారు? కాబట్టి కోసిన మొక్కని ఎవరు తీసుకుపోతారు, ఏ బండిలో, ఎక్కడికి, అన్నది తేలకుండా ఒక్క విత్తనం కూడా చల్లకూడదు. ప్రమాదకర వ్యర్థాలని పూడ్చే ప్రత్యేక స్థలాలు ఉన్నాయి. అక్కడికి చేర్చే బాధ్యత రైతు మీద పెడితే అది జరిగే పని కాదు.

మూడో ప్రశ్న: ఆ ఏళ్లన్నీ మేం ఏం తినాలి? దీనికి ప్రయోగశాలలో జవాబు దొరకదు. ముప్పయి సెంట్లలో కూరగాయలు అమ్మి మా అమ్మ ఇంటి ఖర్చులు గడిపేది. మాకు మాగాణి ఉంది కాబట్టి నెట్టుకొస్తున్నాం. కౌలు రైతు అయితే? నేల శుద్ధి అయ్యేదాకా ఆగమంటే ఆ ఏడాది కౌలు ఎవరు కడతారు?

దీనికి ఒక సగం జవాబు తినని పంటల్లో ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎం.ఎన్.వి. ప్రసాద్ గారు లోహాలు, మొక్కలు అనే విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పాడైన నేలల్లో ఆముదం పంటకున్న అవకాశాల గురించి ఆయన, బి. రవికిరణ్ కలిసి 2017లో ఒక సమీక్షా వ్యాసం ప్రచురించారు. ఆముదం మన పంటే. నూనె పరిశ్రమలకి పోతుంది, కూరలోకి రాదు. గొడ్లు కూడా ముట్టవు. రైతుకి నాలుగు డబ్బులు వస్తాయి, నేలకి కప్పూ ఉంటుంది. అయినా ఇది సగం జవాబే. కూరగాయల రాబడికీ ఆముదం రాబడికీ మధ్య ఉన్న తేడాని ఎవరు పూడుస్తారు? విషం పోసినవాడే పూడ్చాలి.

ఈ మాట ఎంత కష్టంగా అమలవుతుందో పటాన్‌చెరు చెబుతుంది. అక్కడ ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, ఆ వాగు మంజీరలో కలిసేది. వాగు పక్క పొలాలు పాడయ్యాయి. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకి ఎక్కింది. పంటలు పోయిన రైతులకి పరిహారం కోర్టు కల్పించుకుంటే గాని కదలలేదు. ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి కేసు ఒక కోర్టు నుంచి ఇంకో కోర్టుకి నడిచింది. ఈ లోపల ఒక తరం రైతులు ముసలివాళ్లయిపోయారు. అలాంటి చోట నిలబడి “మొక్కలు నాటితే సరి, ఖర్చు తక్కువ” అని ఎవరైనా అంటే నాకు భయం వేస్తుంది. ఖర్చు తక్కువ అన్నది ఎవరికి? పోసినవాడికి తక్కువ. ఎదురుచూసేవాడికి కాదు. ‘ఎలాగూ మొక్కలు కడుగుతాయి’ అన్న మాట రేపు ‘ఇంకొంచెం పోయొచ్చు’ అన్న ధైర్యంగా మారకూడదు.

అందుకని నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొక్కలతో నేల శుద్ధి మంచి శాస్త్రమే. కాని అది మొదటి పని కాదు, మూడో పని. మొదటి పని పోసేవాణ్ని ఆపడం, పోసిన చిట్టెం కుప్పని తవ్వి తీసేయడం. రెండో పని పరీక్ష. ఆ తరువాతే మొక్క.

పరీక్ష సంగతి చూడండి. 2015 నుంచి కేంద్ర ప్రభుత్వం ఇస్తున్న భూసార కార్డు మా ఇంట్లోనూ ఉంది. దానిలో 12 అంశాలు ఉంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ శాతం, సేంద్రియ కర్బనం. సీసం లేదు. కాడ్మియం లేదు. ఆర్సెనిక్ లేదు. పైరుకి ఏం తక్కువైందో కార్డు చెబుతుంది. మనిషికి ఏం ఎక్కువైందో చెప్పదు. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే సుమారు 80 కోట్ల మందికి, ఉండరానంత సీసం రక్తంలో ఉందని యూనిసెఫ్ 2020లో చెప్పింది. పాత బ్యాటరీలని ఇష్టమొచ్చినట్టు కరిగించడం అందుకు పెద్ద కారణాలలో ఒకటని కూడా చెప్పింది. అంత పెద్ద మాటకి మన కార్డులో ఒక్క గడి లేదు.

2025లో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. అనుమానమున్న స్థలాలని జిల్లా యంత్రాంగం గుర్తించి తెలపాలనీ, బాగుచేసే ఖర్చు కలుషితం చేసినవారే భరించాలనీ వాటి సారాంశం. బాగానే ఉంది. కాని గుర్తించడానికి ఎవరో ఒకరు వెళ్లి వేలు చూపించాలి కదా! గుంటూరు జిల్లాలోగాని, కొత్త బాపట్ల జిల్లాలోగాని పల్లెల్లో ఏ డ్రెయిన్ గట్టున ఏ షెడ్డు ఉండేదో కలెక్టరాఫీసుకి తెలియదు. మనకి తెలుసు. మన కాలేజీ పిల్లల్లో సగంమందిమి ఆ ఊళ్లనుంచే బస్సుల్లో, రైళ్లలో వస్తున్నాం.

అందుకే మన విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ప్రతి ఏడూ ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో ఏడు రోజులు ఊరికిపోయి మొక్కలు నాటి ఫోటో దిగి వస్తున్నాం. ఈ ఏడు ఆ ఏడు రోజుల్లో మట్టి సంచులు నింపుదాం. డ్రెయిన్ల పక్కన, పాత బ్యాటరీ షెడ్ల పక్కన, చెత్త తగలేసే దిబ్బల పక్కన ఉన్న దొడ్లలోంచి ఆరంగుళాల లోతు మట్టి తీసి, ఏ చేను, ఏ మూల అన్నది సంచి మీద రాసి తెద్దాం. బాపట్లలో 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉంది. చౌడు నేలల మీద, ఉప్పునీటి మీద పనిచేసే పరిశోధన కేంద్రమూ అక్కడ ఉంది. ఇసుక నేలలో కింది ఉప్పునీరు కదలకుండా పైనున్న మంచినీటి పొరని మాత్రమే తోడుకునే మెరుగైన దొరువు పద్ధతిని రైతుకి అందించినది ఆ కేంద్రమే. ఉప్పుతో అంత నేర్పు చూపినవారు లోహం విషయంలో మన సంచుల్ని కాదనరని నా నమ్మకం. మన అధ్యాపకులు ఒక ఉత్తరం రాసి దారి చూపాలి. వచ్చిన ఫలితాలని పంచాయతీ ఆఫీసు గోడకి అంటిద్దాం. జిల్లా అధికారులకి కాపీ ఇద్దాం. అప్పుడు ఏ నేలకి ఫెర్న్ కావాలో, ఏ నేలకి వట్టివేరు కావాలో, ఏ నేలకి పార, తట్ట కావాలో తేలుతుంది.

పూర్వ విద్యార్థుల్లో ఇంజనీర్లు, డాక్టర్లు, వకీళ్లు అయినవారు ఎందరో ఉన్నారు. పరీక్ష రుసుము భరించేవారు ఒకరు, నిబంధనలు చదివి అర్జీ రాసిపెట్టేవారు ఒకరు ముందుకొస్తే చాలు, ఈ పని ఆగదు.

పోయినసారి ఇంటికెళ్లినప్పుడు మూడొందల ఏళ్ల లెక్క నాన్నకి చెప్పాను. ఆయన నవ్వలేదు. “అయితే ఆవాలొద్దులే. ముందు ఆ చిట్టెం ఎవరు ఎత్తుతారో కనుక్కో” అన్నాడు. మా దొడ్లో ఇప్పుడు గట్టువెంట గడ్డి మాత్రమే ఉంది. శిబిరం నింపే మొదటి మట్టి సంచి ఆ ముప్పయి సెంట్లలోదే కావాలని నా కోరిక.